నడుమ నునుపు, పక్కల గరుకు

మోకాలి ఆపరేషన్ అయ్యాక పోయిన వానాకాలంలో మొదటిసారి వికారాబాద్‌లో బ్యాంకుకు వెళ్ళాను. అక్కడ మెట్ల పక్కన కొత్తగా ఏటవాలు దారి కట్టారు. అద్దంలా మెరిసే నల్ల గ్రానైటు, పక్కన స్టీలు పైపు, గోడ మీద చక్రాల కుర్చీ బొమ్మ. "ఇగ నీకు మెట్ల బాధ లేదమ్మా" అని మా అమ్మాయి సంబరపడింది. రెండడుగులు వేశానో లేదో, వానకు తడిసిన ఆ రాతి మీద చేతికర్ర ఒకవైపు, నేనొకవైపు అయ్యాం. దేవుడి దయ, పైపు చేతికి దొరికింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "దీని మీద అందరు జారుతున్నరమ్మా, మీరు మెట్ల మీదికెళ్లి రాన్రి" అని నెమ్మదిగా సలహా ఇచ్చాడు. మా అమ్మాయికి కోపం వచ్చింది. నాకు మాత్రం పైపు పట్టుకుని నిలబడి నవ్వాగలేదు. ఎందుకంటే అచ్చం ఇదే పొరపాటు, ఇంతకన్నా ఎక్కువ ప్రేమతో చేసింది, నేను తాండూరులో ఒకసారి కళ్ళారా చూశాను. కట్టించినవాళ్ళను అడగాలనిపించిన ప్రశ్న కూడా నాది కాదు. అది మా మేనత్తది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చారు, బడులు మూతపడ్డాయి. మా నాన్న వికారాబాద్ జంక్షన్‌లో రైల్వే ఖలాసీ. బడి లేని పిల్ల పొద్దస్తమానం ప్లాట్‌ఫాం మీదే తిరుగుతోందని అమ్మ పోరు పెడితే, బడి తెరిచేదాకా నాయనమ్మ దగ్గర ఉండమని చెప్పి నన్ను తాండూరు ప్యాసింజర్ ఎక్కించాడు. తర్వాత బడి తెరిచారు. నేను మాత్రం వెనక్కి వెళ్ళలేదు. తాండూరులో నాకు దొరికిన చదువు అలాంటిది, దాన్ని వదిలి బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చోవడం ఇక నావల్ల కాలేదు. ఆ ప్యాసింజర్‌కూ, ఎక్కించిన నాన్నకూ నేను ఇప్పటికీ ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకుంటాను.

అత్త మా నాన్న చెల్లెలు. నడక నేర్చుకునే వయసులో జ్వరం వచ్చి ఆమెకు రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. బడి మెట్లెక్కే దారి లేక, చర్చిలో బోధకుడుగా ఉన్న మా తాతయ్యే ఆమెకు ఇంట్లో అక్షరాలు దిద్దించాడట. నేను వెళ్ళేనాటికి తాతయ్య లేడు. ఇంట్లో నాయనమ్మ, అత్త, ఇద్దరే. అత్తకు ఒక బండి ఉండేది. బండి అంటే పెద్దదేం కాదు, ఒక టేకు పలక, దాని కింద నాలుగు మూలలా పప్పు మిల్లులో పడేసిన బేరింగులు. మా నాన్న చేసిచ్చాడు. చేతుల్లో పిడి ఉన్న రెండు చెక్క దిమ్మెలు పట్టుకుని, వాటిని నేలకు ఆనించి వెనక్కి తోస్తే బండి గరగరమంటూ ముందుకు పోయేది. తాండూరులో రాయికి కరువు లేదు, పేద ఇంట్లో కూడా నాపరాళ్ళ నేలే. "దేవుడు నాకోసమే గీ ఊరంత బండలు పరిచిండు" అనేది అత్త. వెంటనే, "గడపలు మాత్రం మనుషులు పెట్టిన్రు" అనేది.

నేల నుంచి జానెడు ఎత్తులో కూర్చునే మనిషికి లోకం ఎలా కనబడుతుందో తెలుసుకోవాలని నాకు భలే కుతూహలంగా ఉండేది. ఎవరూ లేనప్పుడు బోర్లా పడుకుని చూసేదాన్ని. బల్లల అడుగుభాగాలు, చీర కుచ్చిళ్ళు, మడమలు. అత్త మనుషుల్ని పాదాలతో గుర్తుపట్టేది. గుమ్మంలోకి వచ్చినావిడ ఇంకా నోరు తెరవకముందే, కొత్త చెప్పు కరుస్తోందా అని అడిగేది. బషీరాబాద్ వైపు నుంచి కందులు అమ్మవచ్చే కన్నడం మనిషి నడక వేరు, మన ఊరి హమాలీ నడక వేరు అని నాకు చూపించేది. ఆమె చదువు చెప్పే పద్ధతి కూడా అంతే. పొద్దున్నే ఒక ప్రశ్న వేసేది, జవాబు చెప్పేది కాదు. రాయి పొరలు పొరలుగా ఎందుకు లేస్తుంది? రైలు గార్డు దగ్గర పచ్చజెండా, ఎర్రజెండా రెండూ ఎందుకుంటాయి? "తెలిసినోళ్ళను అడిగి రాపో" అనేది. నేను మధ్యాహ్నం దాకా ఊరు తిరిగి, ఎవర్నో ఒకర్ని విసిగించి, జవాబు మోసుకొచ్చి పలక మీద రాసేదాన్ని. మా వీధి పిల్లలు సగంమంది సాయంత్రాలు అలాగే ఆమె దగ్గర చదువుకున్నారు. బండలకు పాలిష్ పట్టే మేస్త్రి చాచా బిడ్డలు ముగ్గురూ తెలుగు అక్షరాలు నేర్చింది మా అరుగు మీదే.

ఒకరోజు అత్త తలస్నానం చేసి పెరట్లో ఎండకు కూర్చుని ఉండగా, అడక్కుండా ఆమె బండి ఎక్కాను. వంటింట్లోంచి పెరట్లోకి చిన్న ఏటవాలు ఉండేది. దిగడం హాయిగా జరిగిపోయింది. తిరిగి ఎక్కబోతే దిమ్మెలు నున్నటి బండ మీద జారిపోయి నా చేతులు గట్టున పడ్డ చేపల్లా కొట్టుకున్నాయి. అత్త తిట్టలేదు, సాయమూ చేయలేదు. "ఎందుకెక్కలేవో కనుక్కొని చెప్పు" అంది. ఇది ఊళ్ళో ఎవర్ని అడిగినా తేలేది కాదు కాబట్టి ఆమె ఎక్కేటప్పుడు పక్కన గొంతుక్కూర్చుని చూశాను. చక్రాలు నడిమి బండ మీదే దొర్లుతున్నాయి, దిమ్మెలు మాత్రం రెండు పక్కలా ఆనుతున్నాయి. ఆ పక్కల నాయనమ్మ పగిలిన ఇసుర్రాయిని పాతి పెట్టింది. పై రాయి ముక్కలు ఒకవైపు, కింది రాయి ఒకవైపు. పిండి విసరడానికి కొట్టించిన గాట్లు వాటి మీద అలాగే ఉన్నాయి. చక్రానికి నునుపు కావాలి, చేతికి గరుకు కావాలి. ఆ సాయంత్రం పలక మీద ఆ ముక్క రాసి చూపిస్తే అత్త దాన్ని తుడవనివ్వలేదు, మర్నాటిదాకా ఉంచింది.

చర్చికి మాత్రం ఆ బండి పోయేది కాదు. ముందు పెద్ద పెద్ద మెట్లు. ఆదివారం పొద్దున చర్చి పెద్ద ఒకాయన, తాతయ్య స్నేహితుడు, మా ఇంటికొచ్చి అత్తను చంటిపిల్లలా చేతుల మీద ఎత్తుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టేవాడు. అత్త ఆయన్ని చిన్నాయన అని పిలిచేది. చాలా మంచి మనిషి. చిన్నప్పటి నుంచీ ఎత్తుకుంటున్నాడు కాబట్టి ఆమె బరువు తెలియదనేవాడు. ఆయన ఏదైనా ఊరికి వెళ్ళిన ఆదివారాలు అత్త ఇంట్లోనే కీర్తనలు పాడుకునేది. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, ఎత్తుకునేటాయన ఊళ్ళో లేడు అని మామూలుగా చెప్పి, పాట ఎత్తుకునేది.

ఆదివారం మధ్యాహ్నాలు మా అరుగు మీదికి కొందరు వచ్చేవాళ్ళు. పెద్దేముల్ నుంచి బస్సులో వచ్చే చూపులేని ఒకాయన, కుర్చీలకు బెత్తం అల్లేవాడు. రాతి గనిలో ఒక కాలు పోగొట్టుకున్న ఇంకొకాయన. మాట వినిపించని ఒక దర్జీ అమ్మ. మొదట్లో చాయ్ కోసం, కబుర్ల కోసం కలిసేవాళ్ళు. రానురాను ఒకళ్ళకు ఆఫీసులో పని పడితే అందరూ కలిసి వెళ్ళడం మొదలైంది. అది అత్త పెట్టిన పద్ధతే. "ఒక్కలం పోతే బిచ్చానికొచ్చిన్రనుకుంటరు. నలుగురం పోతే పని మీద వచ్చిన్రనుకుంటరు" అనేది. గని మనిషి చూపులేనాయన భుజం పట్టుకుని, చూపులేనాయన అత్త బండికి కట్టిన తాడు పట్టుకుని వీధిలో బయల్దేరితే, పెళ్ళికి వెళ్తున్నట్టు ఉండేది. నాయనమ్మ వెనకనుంచి, ఆఫీసులో ముందు నోరు తెరిచేది ఎవరో ఇప్పుడే అనుకుని పొండని హెచ్చరించేది. ఎందుకంటే నలుగురూ ఒక్కసారే మాట్లాడేవాళ్ళు, చేతులతో మాట్లాడే దర్జీ అమ్మతో సహా.

నాకు పెళ్ళయి మళ్ళీ వికారాబాద్ చేరాను. కొన్నేళ్ళకు నాయనమ్మ పోయింది. అత్తను తన దగ్గరికి తెచ్చుకుంటానని నాన్న పట్టుబట్టాడు. అత్త ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు నాతో మాత్రం అసలు మాట అంది. "అన్న నన్ను బాగనే చూస్కుంటడు బిడ్డా. చూస్కుంటడు అన్నదే నాకు భయం." సరిగ్గా ఆ రోజుల్లోనే, వికలాంగుల సంవత్సరమని రేడియోలో అస్తమానం చెబుతున్న ఏడాది, చర్చి పక్క హాల్లో బాలవాడి పెట్టాలని పెద్దలు తలపెట్టారు. చిన్నపిల్లలకు చదువు చెప్పేవాళ్ళు కావాలన్నారు. ఊళ్ళో ఆ పని అప్పటికే చేస్తున్న మనిషి ఎవరో అందరికీ తెలుసు. కానీ హాలుకూ అవే ఎత్తు మెట్లు. అత్తకు ఆ ఉద్యోగం వస్తే తాండూరులో తన ఇంట్లో తను ఉంటుంది. రాకపోతే నాన్న వచ్చి వికారాబాద్ తీసుకుపోతాడు. అంతకన్నా వేరే దారి లేదు.

నేనక్కడ ఉండగానే చర్చి పెద్ద మా ఇంటికొచ్చి కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాడు. చివరికి బయటపెట్టాడు. "ఆదివారానికి ఒక్కపాలి ఎత్తుకుంటి. రోజూ రెండుపాల్లు ఎవరెత్తుతరు బిడ్డా? నా నడుము ఎప్పటి తీరు లేదు. నువ్వు జారిపడితే నేను దేవునికేం జెప్పుకోవాలె?"

అత్త అంది, "ఎత్తుకునేటోళ్ళు మంచోళ్ళే చిన్నాయనా. కని వాళ్ళు రాని నాడు నేను ఇంట్లనే కూసోవాలె గద."

ఆయనకు ఆ మాట తగిలినట్టే ఉంది. లేచి, క్రిస్మస్ పండగ ముందు బాలవాడి తెరుస్తామని, ఆలోపు తనంతట తను లోపలికి రాగలిగితే ఆ కుర్చీ ఆమెదేనని, లేకపోతే వేరే ఊరి పిల్ల ఒకామె సిద్ధంగా ఉందని చెప్పాడు. కుర్చీ అక్కర్లేదు, నా కుర్చీ నేనే తెచ్చుకుంటానని అత్త నవ్వింది. ఆయన వెళ్ళిపోయాక మాత్రం దిమ్మెలు పక్కన పెట్టి ప్రార్థనకు కళ్ళు మూసుకుంది.

అరుగు మీది వాళ్ళు ఊరుకుంటారా. అందరూ కలిసి మేస్త్రి చాచా దగ్గరికి వెళ్ళారు. ఏటవాలుగా ఒక దారి కట్టాలన్నారు. మా టీచరమ్మకు చేయకపోతే ఇంకెవరికి చేస్తానని ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఒక సాయంత్రం వచ్చి బండి వెడల్పు టేపుతో కొలుచుకుపోయాడు. అత్త ఏదో అడగబోతే, అంతా నాకు తెలుసు బేటీ, నువ్వు ఫికర్ చేయకు అన్నాడట. ఆ తర్వాత హాలు ముందు అడ్డంగా తాటిపత్రి, అదే టార్పాలిన్, కట్టేసి లోపల పని మొదలుపెట్టారు. అత్తకు చూపించకూడదని అందరూ ఒట్టు పెట్టుకున్నారు. ఆమె సంతోషపడటం అందరూ ఒకేసారి చూడాలని వాళ్ళ ఆశ.

తాటిపత్రి తీసే రోజుకు నేను చంకలో బిడ్డతో పొద్దుటి ప్యాసింజర్‌కు వచ్చాను. హాలు ముందు వీధంతా జనం. చర్చి పెద్ద చిన్న ప్రార్థన చేశాడు. మేస్త్రి చాచా తెల్ల లాల్చీ వేసుకుని, గొంతు సవరించుకుని తాటిపత్రి లాగాడు. ఆహా అన్నారంతా. ఆయన దుకాణంలో దాచుకున్న అన్నిటికన్నా మంచి నీలపు రాయి, మిషన్ మీద ఎన్నిసార్లు పాలిష్ పట్టాడో, పైగా పొద్దున్నే కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచాడు. ఆకాశం అందులో కనబడుతోంది. మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు అన్నాడు గని మనిషి. చూపులేనాయన వంగి అరచేత్తో నిమిరి, "పట్టుచీర తీరుంది" అన్నాడు. మళ్ళీ ఒకసారి నిమిరాడు.

అత్త మేస్త్రికి దండం పెట్టి, వీధిలోంచి ఊపుగా వచ్చి బండి ఎక్కించింది. ఆ ఊపుకు సగందాకా పోయింది. అక్కడ దిమ్మెలు ఆనించింది, జారాయి. మళ్ళీ ఆనించింది, మళ్ళీ జారాయి. నాకు తెలిసిన ఆ చేపల కొట్టుకులాటే. అప్పుడు బండి నిదానంగా, ఎంతో మర్యాదగా వెనక్కి బయల్దేరింది. జనం రెండు పాయలుగా విడిపోయారు. అత్త నడుం నిటారుగా పెట్టుకుని, మా అందరి వైపూ చూస్తూనే వీధి దాటి ఎదురింటి ముందున్న కంది బస్తాలకు ఆనుకుని ఆగింది. ఒక చిన్నపిల్ల చప్పట్లు కొట్టి, ఇంకోసారి టీచరూ అంది.

చర్చి పెద్ద గెలిచినట్టు ఏమీ మాట్లాడలేదు. పాపం ఆయన కళ్ళలో నీళ్ళు. దగ్గరికి వెళ్ళి, "రా బిడ్డా, ఎత్తుకుంట" అని వంగాడు.

"జర ఆగు చిన్నాయనా" అంది అత్త.

అప్పుడు అందరూ తలో మాట అందుకున్నారు. ఇసుక చల్లుదామన్నారొకరు, గోనెసంచి పరుద్దామన్నారొకరు, పైన కొక్కెం పెట్టి తాడుతో లాగుదామన్నారు ఇంకొకరు. రోజూ నేనొచ్చి తోస్తానని గని మనిషి అంటే, ముందు నిన్ను ఎవరు తోస్తారని పెదాల కదలిక చూసి పట్టేసిన దర్జీ అమ్మ చేతులతో అడిగింది. మేస్త్రి చాచా మొహం మాడిపోయింది. తన దుకాణంలోనే కాదు, తాండూరు మొత్తంలో ఇంత నున్నటి రాయి లేదని, రూపాయి తీసుకోకుండా పరిచానని, తప్పెక్కడుందో తనకు తెలియడం లేదని గొణిగాడు.

అత్త బస్తాల దగ్గర్నుంచే అడిగింది. అడగడంలో నిష్ఠూరం లేదు, పొద్దుటి పాఠంలో ప్రశ్న వేసినట్టే వేసింది. "చాచా, పరిచినంక దీని మీద ఎవరన్న ఎక్కి చూసిన్రా?"

"నేనెందుకెక్కుత బేటీ, నాకు కాళ్ళున్నయ్ గద" అన్నాడాయన. అని నాలిక్కరుచుకున్నాడు. అత్త పకపకా నవ్వింది. ఆమె నవ్వాక మాకూ నవ్వొచ్చింది, ఆఖరికి ఆయన కూడా తల పట్టుకుని నవ్వాడు.

తర్వాత అత్త నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పు. చిన్నప్పుడు పెరట్ల ఎందుకెక్కలేకపోయినవ్?" ఇంతమందిలో నన్ను పాఠం అప్పజెప్పమంటుందని నేననుకోలేదు. బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని, చక్రానికి నునుపు కావాలి, చేతికి గరుకు కావాలి అన్నాను. పలక మీద రాసిన మాట రాసినట్టే. మేస్త్రికి ఠక్కున అర్థమైంది గానీ చేతులు రాలేదు. రెండు పక్కలా గాట్లు కొడితే, పాలిష్ బండను తీసుకెళ్ళి ఇసుర్రాయి చేశాడని ఊళ్ళో నవ్వుతారని దిగులు పడ్డాడు. అత్త రాజీ కుదిర్చింది. "నడుమ పాలిష్ మీదే చాచా, ముట్టుకోకుండ్రి. పక్కలు నాకియ్యుండ్రి."

ఆయన లాల్చీ చేతులు మడిచి, పనివాళ్ళను పిలవకుండా తనే ఉలి సుత్తి పట్టుకుని ఒక పక్క కూర్చున్నాడు. రెండో పక్క గని మనిషి. టకటకమని మధ్యాహ్నమంతా ఒకటే చప్పుడు. చూపులేనాయన వెనకాలే చేత్తో తడుముతూ ఇక్కడ లోతు చాలదు, ఇక్కడ చాలు అని చెబుతూ పోయాడు. అత్త దిమ్మె ఆనించి చూసి, గాట్లు అడ్డంగా కాదు, కొంచెం ఐమూలగా కొట్టమంది. నేను సబ్బునీళ్ళతో ఆ కొబ్బరినూనె కడిగాను. చర్చి పెద్ద మెట్టు మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని చూస్తూనే ఉన్నాడు, భోజనానికి కూడా లేవలేదు.

పొద్దు వాలేటప్పుడు అత్త ఎక్కింది. ఈసారి ఊపు లేదు, తొందరా లేదు. దిమ్మె పట్టడం, తోయడం. పట్టడం, తోయడం. నడుమ రాయి మీద చక్రాలు మెత్తగా దొర్లాయి. పైకి చేరేసరికి గుమ్మంలో చర్చి పెద్ద నిలబడి ఉన్నాడు. అలవాటుగా ఆయన రెండు చేతులూ ముందుకు చాచాడు. అంతలోనే వెనక్కి తీసుకుని, గోడకు ఒదిగి దారి ఇచ్చాడు. అత్త లోపలికి వెళ్ళింది. ఆ చేతులు ముందుకు రావడం, వెనక్కి పోవడం, రెండూ ప్రేమే. ఆ రెంటి కోసమూ నేను ఆ సాయంత్రం దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

బాలవాడికి పిల్లలు విరగబడి వచ్చారు. అత్త చెప్పే చదువు కోసమా, నడిమి పాలిష్ రాయి మీద జారడం కోసమా అన్నది తేలలేదు. పిల్లల లాగుల రాపిడికి ఆ నడిమి పట్టీ మేస్త్రి మిషన్ కన్నా ఎక్కువ మెరిసేది. ఆయన వచ్చినవాళ్ళందరికీ అది తన పనితనమేనని చూపించుకునేవాడు. కర్ర పట్టుకున్న ముసలివాళ్ళు, నిండు చూలాళ్ళు పక్క గాట్ల మీద అడుగులేసుకుంటూ ఎక్కేవాళ్ళు. మెట్ల మీద గడ్డి మొలిచింది. గాట్లు మాత్రం ఊరికే ఉండవు, అరుగుతాయి. ఎండాకాలంలో ఇసుర్రాళ్ళకు గాట్లు కొడతామని వీధిలో కేకేసుకుంటూ వచ్చే ఆవిడను అత్త వానలకు ముందే పిలిచి, పక్కలు మళ్ళీ కొట్టించేది. అరుగు మీది వాళ్ళకు ఆ తర్వాత ఒకటే మాట. ఏ ఆసుపత్రికి వెళ్ళినా, ఏ ఆఫీసుకు వెళ్ళినా, కట్టేముందు మమ్మల్ని అడగండి, కట్టినాక మమ్మల్ని ఎక్కి చూడనివ్వండి అనేవాళ్ళు. కొందరు విన్నారు, కొందరు చాయ్ పోసి పంపించారు. నాన్న ఇక ఎప్పుడూ అత్తను తీసుకుపోతానని అనలేదు. నెలకోసారి వచ్చి బేరింగులకు గ్రీజు పెట్టి వెళ్ళేవాడు.

వీళ్ళెవరూ ఇప్పుడు లేరు. నేను జారిన ఆ రోజే బ్యాంకు మేనేజరును కలిసి, దీని మీద ఎవరైనా ఎక్కి చూశారా బాబూ అని అడిగాను. ఆ అబ్బాయి తెల్లబోయాడు. తర్వాత తనే బయటికి వచ్చి నాలుగడుగులు వేసి, పైపు పట్టుకున్నాడు. గరుకు పట్టీలు వేయిస్తానన్నాడు, చూడాలి. ఆ ఊపులో మా అమ్మాయిని వెంటబెట్టుకుని తాండూరు కూడా వెళ్ళొచ్చాను. హాలుకు పైకప్పు మార్చారు, ఏటవాలు మాత్రం అదే. నడుమ ఇంకా మెరుస్తోంది. పక్కన చెయ్యి ఆనించి చూస్తే గాట్లు దాదాపు కలిసిపోయాయి. గాట్లు కొట్టేవాళ్ళు ఇప్పుడు వీధుల్లోకి రావడం లేదట. కాలం మీద నాకు కోపమేం లేదు, అన్నిటినీ నున్నగా చేయడం దాని పని. తాండూరులో ఉలికి కొదవ లేదు. మేస్త్రి చాచా మనవడి దుకాణం ఎక్కడో కనుక్కుని రమ్మని మా అమ్మాయిని పంపి, నేను ఆ గడ్డి మెట్టు మీద కూర్చున్నాను.